ఆసుపత్రి డాబా మీద యాభై ఆరు ప్యానెళ్లు

"సోలార్ పెట్టించారు కదండీ, మరి కరెంటు పోగానే జనరేటరెందుకు మోగుతోంది?"

రెండేళ్లకు పైగా ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. పేషెంట్ల అటెండెంట్లు అడుగుతారు, మందుల కంపెనీ కుర్రాళ్లు అడుగుతారు, ఒకసారి మా పిల్లల డాక్టరుగారే అడిగారు. నిజానికి పెట్టించక ముందు నా లెక్కా అదే. ఎండ ఉంటే కరెంటు ఉంటుంది, అంతేగా అనుకున్నాను. అంతే కాదని తెలిసేసరికి ఒక ఆదివారం మధ్యాహ్నం గుండె నోట్లోకొచ్చింది. అదీ చెబుతాను.

మాది కృష్ణా డెల్టాలో ఓ చిన్న టౌను. మా ఆవిడ గైనకాలజిస్టు. ముప్ఫై పడకల నర్సింగ్ హోము, కింద ఓపీ, పైన రెండంతస్తులు. నేను బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చి పదేళ్లయింది. జీతాలు, లెక్కలు, లిఫ్టు, బోరు మోటారు, జనరేటరు ఇవన్నీ నా శాఖ. ఊళ్లో నా పేరు చాలామందికి తెలియదు, 'డాక్టరమ్మగారి ఆయన' అంటే చాలు.

2023 మే నెల కరెంటు బిల్లుతో ఈ కథ మొదలైంది. ఏడువేల ఎనిమిది వందల యూనిట్లు. ప్రైవేటు ఆసుపత్రి కమర్షియల్ కేటగిరీలోకి వస్తుంది కాబట్టి యూనిట్టు పది రూపాయల పైమాటే. దాని మీద పాత ఖర్చుల సర్దుబాటు, ట్రూ అప్ అని ఒకటి, ఇంధన ధరల సర్దుబాటు, ఎఫ్‌పీపీసీఏ అని ఇంకొకటి. ఎనభై వేలు దాటిన ఆ కాగితం పట్టుకుని డ్యూటీ రూములోకి వెళ్లి ఏసీల సంగతి కాస్త ఎత్తాను. మా ఆవిడ కేసు షీటు మీంచి తల కూడా ఎత్తకుండా, "ఆపేయమంటారా? బాలింతల్ని ఉడకేయమంటారా?" అంది. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. మొదటాయన ఫోన్లోనే డాబా ఎన్ని చదరపుటడుగులని అడిగి, సాయంత్రానికి వాట్సాప్‌లో ధర పంపేశాడు. రెండో ఆయన కాంట్రాక్టెడ్ లోడు, అంటే కరెంటు కంపెనీ దగ్గర మనం రాయించుకున్న లోడు, ఎంతో అడిగాడు. అది కావలసిన ప్రశ్నే, నెట్ మీటరింగులో (మనం లైన్లోకి పంపిన యూనిట్లను వాడిన వాటిలోంచి తీసేసి బిల్లు వేసే పద్ధతి) మనకున్న లోడు కంటే ఎక్కువ సోలార్ పెట్టనివ్వరు. మూడో ఆయన పొద్దున తొమ్మిదింటికి డాబా ఎక్కి మూలమూలా నిలబడి ఫోటోలు తీసుకున్నాడు. మళ్లీ సాయంత్రం నాలుగింటికి వచ్చి అవే మూలల్లో నిలబడ్డాడు. "నీడలు చూసుకోవాలి సార్" అన్నాడు. పని అతనికే ఇచ్చాను. తర్వాత అతని మనుషులే నన్ను హడలగొట్టారన్నది వేరే సంగతి.

లెక్క ఇలా చెప్పాడు. ఒక కిలోవాటుకు నీడ పడని చోటు సుమారు వంద చదరపుటడుగులు కావాలి. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మా కాంట్రాక్టెడ్ లోడు 50 కిలోవాట్లు, డాబా మూడువేల అడుగుల పైచిలుకు. అందులో లిఫ్టు గది, రెండు సింటెక్సు ట్యాంకులు పోగా 30 కిలోవాట్లు పడుతుందని తేల్చాడు. అంటే నెలకు మూడున్నరవేల యూనిట్లు, మా వాడకంలో సగం.

ఆసుపత్రి డాబా ఖాళీగా ఏమీ ఉండదు. పెట్టించేవాళ్లు ముందుగా చూసుకోవలసింది ఇదే. మా డాబా మీద పొద్దున్నే దుప్పట్లు, థియేటరు ఆకుపచ్చ గుడ్డలు ఆరేస్తారు. మధ్యాహ్నం పేషెంట్ల తాలూకు వాళ్లు క్యారియర్లు విప్పేదీ, రాత్రి చాపలేసుకుని పడుకునేదీ అక్కడే. ప్యానెళ్లు నేలబారుగా పరిచేస్తే వాళ్లంతా మెట్ల మీద, కారిడార్లలో చేరతారు. అందుకని ఎనిమిదడుగుల ఎత్తున గాల్వనైజ్డ్ ఇనుప చట్రం కట్టించాం. లక్షా ఎనభై వేలు అదనం. ఆ డబ్బు దండగని అప్పుడు గొణుక్కున్నాను. ఇప్పుడు డాబా మీద మిట్టమధ్యాహ్నం కూడా జనం చల్లగా కూర్చుంటున్నారు. చట్రం నీడ మామూలు రేకుల షెడ్డంత వేడిగా ఉండదు, ప్యానెళ్ల మధ్య సందుల్లోంచి గాలి ఆడుతుంది. దుప్పట్లకు మాత్రం ఎండ కరువైంది. లాండ్రీ ఆయా ఇప్పటికీ ఆ విషయమై నన్ను క్షమించలేదు.

నైరుతి మూల ఒక సమస్య ఉండేది. పక్కింటి మామ్మగారి కొబ్బరిచెట్టు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలినప్పుడు మధ్యాహ్నం రెండు దాటితే దాని నీడ మా డాబా మీదకొస్తుంది. ఒక ప్యానెల్ మీద కాస్త నీడ పడితే దానొక్కదానికే నష్టమని నేననుకున్నాను. ప్యానెళ్లను దండలో పూలలా వరసగా కలుపుతారు, దాన్ని స్ట్రింగ్ అంటారు. ఒకదాని మీద నీడ పడితే ఆ వరస మొత్తం దిగజారకుండా లోపల బైపాస్ డయోడ్లుంటాయి గానీ, నష్టం మాత్రం నీడ పడినంత మేరకే ఉండదు. వెళ్లి మామ్మగారిని అడిగాను, పై మట్టలు నాలుగు కొట్టించుకోవచ్చా అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీ ఆవిడ ఈ ఊళ్లో పురుళ్లు పోయడం మొదలెట్టక ముందు నుంచీ ఉంది నాయనా ఆ చెట్టు" అంది. ఇంకేం అంటాను. అరవై ప్యానెళ్ల ప్లాను యాభై ఆరుకు తగ్గింది. ఒక్కోటి 540 వాట్లు, మొత్తం 30.24 కిలోవాట్లు. ఆ మూల ఖాళీగా వదిలేశాం.

డబ్బు సంగతి. కిలోవాటుకు నలభై ఎనిమిది వేల చొప్పున పధ్నాలుగున్నర లక్షలు, చట్రం అదనం, పైన జీఎస్‌టీ. అప్పట్లో సోలార్ పని మొత్తం విలువలో 70 శాతానికి 12, మిగతా 30 శాతానికి 18 చొప్పున వేసేవారు, కలిపితే 13.8 పడేది. (2025 సెప్టెంబరు 22 నుంచి ఆ 12 కాస్తా 5 అయింది, ఇప్పుడు పెట్టించేవాళ్లకి 8.9 శాతమే.) ఫ్యాక్టరీ వాళ్లయితే కట్టిన జీఎస్‌టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటారు. వైద్య సేవలకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది కాబట్టి మనకు ఆ అవకాశం లేదు. మినహాయింపు అంటే లాభమేనని సంబరపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అన్నీ కలిపి పంతొమ్మిది లక్షల దగ్గర తేలింది.

సబ్సిడీ ఎంతొచ్చిందని చాలామంది అడుగుతారు. ఒక్క రూపాయి రాలేదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకున్నవాళ్లకు 78 వేలు ఇస్తారు, కానీ అది ఇళ్లకే. ఆసుపత్రికి ఉన్న వెసులుబాటు ఇన్‌కం ట్యాక్సులో తరుగుదల (పెట్టిన ధరలో కొంత ఏటా ఖర్చుగా చూపుకోవడం), మొదటి ఏడాదే 40 శాతం. అదీ మార్చి లోపు 180 రోజులు వాడితేనే, లేకపోతే ఆ ఏడాదికి సగమే. అంటే అక్టోబరు మొదటి వారం లోపు స్విచ్ వేసెయ్యాలి. జూన్‌లో మొదలుపెట్టాం కాబట్టి బోలెడంత టైముందనుకున్నాను.

ఇక్కడే మా మామగారు అడ్డుపడ్డారు. ఆయన పోయి అప్పటికి ఏడేళ్లు. కానీ కరెంటు సర్వీసు ఆయన పేరునే ఉంది. స్థలం ఆయనది, 2006లో బిల్డింగు కట్టినప్పుడు కనెక్షన్ ఆయనే తీసుకున్నారు. ఆ తర్వాత నెలనెలా బిల్లు కట్టడం తప్ప దాని మీద ఎవరి పేరుందో నేను చూసిన పాపాన పోలేదు. నెట్ మీటరింగ్ అగ్రిమెంటు మీద సంతకం వినియోగదారుడే పెట్టాలి. ఉన్నది స్వర్గంలో.

పేరు మార్పిడికి వారసుల సర్టిఫికెట్టు, మిగతా వారసుల నో అబ్జెక్షన్ కావాలన్నారు. మా అత్తగారు ఇక్కడే ఉంటారు. మా బావమరిది డల్లాస్‌లో. అతనికి అభ్యంతరం ఏమీ లేదు, తీరికే లేదు. నోటరీ చేయించి పంపమంటే మొదటిసారి సర్వీసు నంబరులో ఒక అంకె తప్పేశాడు. రెండోసారి వచ్చిన కాగితంలో మా మామగారి ఇంటిపేరు స్పెల్లింగు, బిల్లు మీదున్న స్పెల్లింగు వేరు. బిల్లు మీద ఉన్నదే తప్పు, కానీ తప్పుకే తప్పు సరిపోలాలి కదా. మూడో కాగితం వచ్చేసరికి ఆగస్టు దాటింది. ఎవరైనా నన్ను సలహా అడిగితే ప్యానెళ్ల బ్రాండు గురించి మొదట చెప్పను. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో చూసుకోండంటాను.

దాని తర్వాత డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) పని అనుకున్నంత కష్టపెట్టలేదు. దరఖాస్తు, ఫీజు, ఫీజిబిలిటీ, వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు. మా ట్రాన్స్‌ఫార్మరు ఈ ముప్ఫై కిలోవాట్లు తట్టుకుంటుందా అని చూడడమే ఫీజిబిలిటీ అంటే. వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం అప్పుడు దీనికి 20 రోజుల గడువు. 2024 ఫిబ్రవరిలో 15కి తగ్గించారు, పది కిలోవాట్ల లోపయితే అసలు ఆ పరీక్షే తీసేశారు. సెక్షన్ ఆఫీసు ఏఈగారు స్వయంగా వచ్చి చూసి, వెళ్లేటప్పుడు వాళ్లమ్మాయి డెలివరీ డేటు గురించి మా ఆవిడతో మాట్లాడి వెళ్లారు.

సామాను అక్టోబరు మొదట్లో దిగింది. తరుగుదల గడువు అప్పటికే గోవిందా. నడుస్తున్న ఆసుపత్రి మీద పని చేయడం ఎలా ఉంటుందో మేస్త్రికి మొదటి రోజే తెలిసొచ్చింది. చట్రం కాళ్ల కోసం స్లాబుకు డ్రిల్లు వేస్తుంటే సరిగ్గా ఆ కింద పోస్టాపరేటివ్ వార్డు. పది నిమిషాల్లో హెడ్ సిస్టరు డాబా మీదకు వచ్చింది. ఆవిడ గొంతు పెంచదు, చూస్తుంది అంతే. డ్రిల్లు ఆగిపోయింది. సగం రోజు తర్జనభర్జన పడి, అసలు స్లాబుకు కన్నాలే పెట్టకుండా పైన కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో కాళ్లు దింపడానికి ఒప్పుకున్నారు. ఇది శబ్దం కోసం చేసుకున్న ఏర్పాటే గానీ, తర్వాత వానాకాలంలో నేను హెడ్ సిస్టరుకు మనసులో దండం పెట్టుకున్నాను. కన్నాలు పెట్టించుకున్న మా స్నేహితుడి ఆసుపత్రిలో లేబరు రూము సీలింగు నుంచి చుక్కలు పడుతున్నాయి.

దిమ్మెల బరువు చిన్న విషయం కాదు. మా కోస్తాలో చట్రాన్ని సెకనుకు 50 మీటర్ల గాలికి తట్టుకునేలా లెక్కవేయాలి, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు అది 44 మీటర్లే. కాబట్టి అక్కడి డిజైను తెచ్చి ఇక్కడ పెడతామంటే ఒప్పుకోకూడదు. బిల్డింగు కట్టిన ఇంజనీరుగారిని పిలిపించి, స్తంభాలూ దూలాలూ ఎక్కడ వెళ్తున్నాయో గీయించి, దిమ్మెలన్నీ వాటి మీదకే వచ్చేలా సర్దాం. ఒక్కో ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, ఇరవై ఎనిమిది కిలోలు. కప్పీ కట్టి తాళ్లతో లాగారు. ఓపీకి వచ్చిన జనమంతా కింద నిలబడి చూశారు.

ఇన్వర్టరు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో గొడవ. ముందు ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో ఇన్వర్టరంటే కరెంటు పోతే బ్యాటరీ నుంచి ఫ్యాన్లు తిప్పే పెట్టె. ఇది అది కాదు. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును మనం వాడే ఏసీ కరెంటుగా మార్చి మన లైన్లో కలిపేది. దీనికి బ్యాటరీ ఉండదు. పేరొక్కటే కావడం వల్లే సగం అపార్థాలు. వాళ్లు సెల్లారులో జనరేటరు పక్కన పెడతామన్నారు, కేబుల్ కలిసొస్తుందని. సెల్లారులో ఏ విలువైనదీ పెట్టకూడదన్నది మా మామగారి మాట, కాబట్టి మెట్ల పైన హెడ్‌రూములో పెట్టించాను. 2024 సెప్టెంబరు ఒకటిన విజయవాడలో బుడమేరు ఊళ్లో పడ్డ రోజు టీవీ చూస్తూ ఆయన్ని తలుచుకున్నాను. ఎర్తింగుకు మాత్రం మూడు గుంతలు, దేనికది వేరు: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి.

పధ్నాలుగేసి ప్యానెళ్లతో నాలుగు స్ట్రింగులు. ఒక్కోదానిలో ఏడొందల వోల్టుల దాకా డీసీ ఉంటుంది. కింద కూర్చుని అన్నాలు తినే జనం చేయి తగలకుండా కేబుళ్లన్నీ గొట్టాల్లో వేయించి, 'ముట్టుకోరాదు' అని బోర్డులు పెట్టించాం. రెండో వారంలోనే ఎవరో ఒక అమ్మమ్మ, చట్రం దూలానికి చీరతో ఉయ్యాల కట్టి మనవణ్ని ఊపుతోంది. దూలం ఏమీ కాదు గానీ, ముడి పక్కనే డీసీ గొట్టం. బతిమాలి విప్పించి, అవతలి గోడ వైపు నాలుగు ఇనప కొక్కేలు వేయించాను. ఉయ్యాలలకు ఇప్పుడు అదే చోటు.

మెయిన్ ప్యానెల్ బోర్డులో కలపడానికి రెండు గంటలు షట్‌డౌన్ కావాలన్నారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి పెట్టుకున్నాం. పురుళ్లు మనం పెట్టుకున్న టైముకు ఆగుతాయా. రెండు ఆదివారాలు వాయిదా పడింది. మూడో ఆదివారం లేబరు రూము, పసికందుల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు యూపీఎస్ మీద ఉంచి గంటా నలభై నిమిషాల్లో ముగించారు. నవంబరు మధ్యలో కొత్త మీటరు, అటూ ఇటూ రెండు వైపులా లెక్కపెట్టేది, బిగించి స్విచ్ వేశారు. ఫోన్లో యాప్ తెరిస్తే పదకొండింటికి పంతొమ్మిది కిలోవాట్లు. పసిపిల్లాడి బరువు చూసినట్టు గంటగంటకూ చూసుకున్నాను.

పది రోజుల తర్వాత ఆ ఆదివారం వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండున్నర. ఓపీ లేదు, థియేటరు ఖాళీ. ఆసుపత్రి మొత్తం కలిపి పదిహేను కిలోవాట్లు వాడుతోంది. నిగనిగలాడే ఎండ. కరెంటు పోయింది, జనరేటరు దానంతటదే అందుకుంది, లైట్లు వచ్చాయి. ఒక నిమిషం గడిచిందో లేదో ఇంజను శబ్దం మారింది. గొంతు పెంచుతూ తగ్గిస్తూ, ఊగుతోంది. ట్యూబులైట్లు పెద్దవవుతున్నాయి, చిన్నవవుతున్నాయి. ఒక వార్మరు డిస్‌ప్లే ఆరి మళ్లీ వెలిగింది. మా ఎలక్ట్రీషియన్ సెల్లారులోంచి అరిచాడు, "సార్, జనరేటరు ఊగిపోతోంది, లోడేమీ తీసుకోవట్లేదు!" అతనే మెట్లెక్కి పరుగెత్తి సోలార్ ఎంసీసీబీ (పెద్ద బ్రేకర్ స్విచ్) కిందికి లాగేశాడు. ఇంజను నెమ్మదించింది.

జరిగింది ఇదీ. ఇలాంటి సోలార్ ఇన్వర్టరు సొంతంగా కరెంటు నిలబెట్టలేదు. లైన్లో వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ సరిగ్గా కనిపిస్తేనే దాని లయకు లయ కలిపి తన కరెంటు కలుపుతుంది. లైను చచ్చిపోతే క్షణాల్లో ఆగిపోవాలి. అది లోపం కాదు, కావాలని పెట్టిన కట్టడి. సప్లై ఆపుకుని లైన్‌మన్ స్తంభమెక్కినప్పుడు మా డాబా మీది కరెంటు అతని చేతికి తగలకూడదు. ఐఎస్ 16169 అని ప్రత్యేకంగా పరీక్షే ఉంది దీనికి. కరెంటు పోగానే మాదీ బుద్ధిగా ఆగింది. కానీ వాళ్ల కుర్రాళ్లు సోలార్ కేబుల్‌ను చేంజోవర్ (లైను కరెంటు నుంచి జనరేటరుకు మార్చే స్విచ్) దాటిన తర్వాత, అంటే జనరేటరు కరెంటు కూడా వచ్చే బస్‌బార్ మీద కలిపారు. అక్కడ ఖాళీ ఎంసీసీబీ కనిపించిందట. జనరేటరు రాగానే ఇన్వర్టరు దాన్నే గ్రిడ్ అనుకుని జత కట్టింది. పదిహేను వాడకానికి ఇరవై రెండు తోసేసరికి మిగిలినది జనరేటరులోకి వెనక్కి పోబోయింది. ఇంజను వేగం పెరిగింది, ఫ్రీక్వెన్సీ దాటిందని ఇన్వర్టరు ఆగింది, ఒక్కసారిగా లోడంతా ఇంజను మీద పడింది, మళ్లీ ఇన్వర్టరు వచ్చింది. ఇదే ఊగులాట. ఇంకొంచెంసేపు సాగితే జనరేటరో, లేక దాని మీదున్న పరికరాలో పోయేవి. వారం మధ్యలో, లోడు నిండుగా ఉన్నప్పుడు కరెంటు పోయుంటే ఇది బయటపడేది కాదు. బయటపడకపోవడమే ఇంకా ప్రమాదం.

సోలార్ ఆయనకు ఫోన్ చేసి నేను అన్న మాటలు ఇక్కడ రాయను. సాయంత్రానికి వచ్చి క్షమాపణ చెప్పాడు, మర్నాడే కేబుల్ మార్పించాడు. మీటరుకూ చేంజోవర్‌కూ మధ్యలో కలిపారు. ఇక జనరేటరు నడిచినంతసేపూ సోలార్ దాని వైపుకే రాదు. జనరేటరూ సోలారూ కలిసి నడిపించే కంట్రోలర్లుంటాయి, డీజిల్ ఆదా అవుతుంది, ఇంజను మీద కనీసం 30 శాతం లోడు ఉంచుతూ సోలార్‌ను తగ్గిస్తాయి. మా ఊళ్లో కరెంటు పోయేది రోజుకు అరగంటో గంటో. గంటకు పది లీటర్ల లోపు డీజిల్ కోసం ఇంకో పెట్టె పెట్టుకుని ఇంకో భయం కొనుక్కోవడం ఎందుకని వద్దన్నాను.

అదీ మొదటి ప్రశ్నకు జవాబు. మాది బిల్లు తగ్గించే సోలార్, చీకటి తరిమే సోలార్ కాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఐదు వందలకు పైగా పీహెచ్‌సీల మీద రెండేసి కిలోవాట్ల సోలార్ పెట్టారు, కరెంటు లేని రాత్రుళ్లు పురుళ్లకు అక్కరకొస్తోందని చదివినవాళ్లు మాదీ అలాంటిదే అనుకుంటారు. వాటికి బ్యాటరీలుంటాయి. అవసరం వేరు, సరంజామా వేరు.

డిసెంబరు ఐదున మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజే డీసీ ఐసొలేటర్లు ఆపేసి, కుర్రాళ్లతో బోల్టులన్నీ బిగింపించాను. రాత్రంతా హెడ్‌రూములో కూర్చుని చట్రం మూలుగు విన్నాను. తెల్లారి చూస్తే ప్యానెళ్లన్నీ ఉన్నాయి, రెండు చోట్ల చివరి క్లాంపులు వదులయ్యాయి. ఆ రెండూ కొబ్బరిచెట్టు వైపువే. మూడు రోజులు యాప్‌లో గీత నేల మీదే పాకింది.

జనవరిలో వచ్చిన బిల్లు నిరాశపరిచింది. యూనిట్లు సగానికి తగ్గాల్సింది, తగ్గలేదు. మా బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది. అదేమిటో నాకప్పటిదాకా పట్టలేదు. ఏసీలు, మోటార్లు, లిఫ్టు పనిచేసే కరెంటుతో పాటు పని చేయని కరెంటును కూడా లాగుతాయి, దాన్ని రియాక్టివ్ అంటారు. కేవీఏహెచ్ మీటరు రెండింటినీ కలిపి లెక్కేస్తుంది. సోలార్ మొదటి రకాన్నే ఇస్తుంది, రెండోది మొత్తం గ్రిడ్ నుంచే రావాలి. ఉదాహరణకు వాడకం 30 కిలోవాట్లు, రియాక్టివ్ 15 అనుకుంటే పవర్ ఫ్యాక్టరు (మొత్తం లాగినదాంట్లో పనిచేసే కరెంటు వంతు) 0.89. సోలార్ 20 ఇచ్చేస్తే గ్రిడ్ నుంచి వచ్చేది 10, రియాక్టివ్ మాత్రం అదే 15. పవర్ ఫ్యాక్టరు 0.55కు పడిపోతుంది. ఆ 10 కిలోవాట్లకు మీటరు 18 లెక్క రాస్తుంది. అరవై వేల పైచిలుకు పెట్టి, ఆ రియాక్టివ్‌ను ఇక్కడే సమకూర్చే ఆటోమేటిక్ కెపాసిటర్ ప్యానెల్ వేయించాక గానీ దారికి రాలేదు. ఈ సంగతి ఏ కొటేషన్లోనూ లేదు. ఫిక్స్‌డ్ చార్జీ కూడా తగ్గలేదు. అది యూనిట్ల మీద కాదు, లోడు మీద వేసేది. మా లోడు ఎక్కువగా ఉండేది రాత్రి ఎనిమిదింటికి, అప్పటికి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు.

మొదటి ఏడాది నలభై రెండు వేల యూనిట్ల పైన వచ్చాయి. మే నెలలో బోలెడు వస్తుందనుకున్నాను, ఎక్కువ వచ్చింది మార్చిలో. మన ఎండకు ప్యానెల్ ఒళ్లు 65 డిగ్రీలకు కాలుతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ మూడోవంతు శాతం చొప్పున కోత, అంటే నడి వేసవిలో పదమూడు శాతం వేడికే అర్పణం. ఏడాదికి నాలుగు లక్షల చిల్లర మిగులుతోంది. ఐదేళ్ల లోపు పెట్టుబడి తిరిగొస్తుంది. నెట్ మీటరింగ్ ద్వారా బయటికి పోయేది ఆదివారాలు కాసిని యూనిట్లే, మిగతాదంతా మా ఏసీలే తాగేస్తాయి.

కడగడం నెలకు రెండుసార్లు, ఎండెక్కక ముందు. మొదట్లో బోరు నీళ్లతో కడిగించాను. మూడు నెలలకు అద్దాల మీద తెల్లటి ఉప్పు పొర కట్టింది, వెనిగరుతో తుడిచి తుడిచి వదిలించాం. ఇప్పుడు మునిసిపల్ నీళ్లే.

బ్యాటరీల ధర తగ్గుతోందని సోలార్ ఆయన మొన్న ఇంకో కొటేషన్ పంపాడు, లేబరు రూముకూ పసిపిల్లల గదికీ మాత్రం. అది నా టేబులు మీద ఉంది. మా ఆవిడ దాని మీద టీ కప్పు పెడుతోంది.

యాప్ పాస్‌వర్డు మా బావమరిదికి కూడా ఇచ్చాను, కాగితాల కోసం అంత తిప్పించినందుకు అతనికీ హక్కుందని. డల్లాస్‌లో రాత్రి పడుకోబోయే ముందు మా పగటి గీత చూసుకుంటాడు. పోయిన నెల పొద్దున పదకొండింటికి ఫోన్ చేశాడు. "బావగారూ, మూడో స్ట్రింగు ఎందుకో కిందికుంది, చూశారా?" నేను చూడలేదు. డాబా ఎక్కితే మూడో వరస చివరి ప్యానెల్ మీద అడ్డంగా ఎండు కొబ్బరిమట్ట, రాత్రి గాలికి పడింది. కర్రతో తోసి కిందికి దింపాను.

పిట్టగోడ అవతలి నుంచి మామ్మగారు చూస్తోంది. "ఆ మట్ట పారేయకు నాయనా, ఇలా పడెయ్యి. ఈనెలు తీసి చీపురు కట్టుకుంటాను" అంది.

పడేశాను.